యూనియన్ వస్తే కంపెనీ పారిపోతుందా? పారిపోయినవాటి లెక్క చూద్దాం

ఈసారి పోస్టు కాస్త పొడుగు. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి, తిట్టదలచినవాళ్లు కూడా చదివాకే తిట్టండి.

పోయిన ఆదివారం కార్యవర్గ సమావేశంలో యువజన విభాగం పెట్టబోయే ఉద్యోగ మేళా గురించి మాట్లాడుకున్నాం. శ్రీపెరంబుదూరు, ఒరగడం వైపు కంపెనీల్లో చేరబోయే పిల్లలకు సంఘం తరఫున ఒక కరపత్రం ఇవ్వాలని అందరం ఒప్పుకున్నాం. ఏ కాగితాలు పట్టుకెళ్లాలి, హాస్టలు ఎలా చూసుకోవాలి, కంపెనీ బస్సు ఎక్కడ ఆగుతుంది, అంతా బాగుంది. చివర్లో ఒక పెద్దాయన ఒక వాక్యం చేర్చమన్నారు. "ఎవరూ యూనియన్ జోలికి పోకండి, విదేశీ కంపెనీ ఒకసారి అలిగి పోతే మళ్లీ రాదు" అని. సగం మంది తలూపారు. ఆ తర్వాత మూడు రోజులు వాట్సాప్‌లో అదే గొడవ.

ఆ పెద్దాయన మీద మాకు గౌరవం ఉంది. మన సంఘానికి గది లేని రోజుల్లో తన ఇంటి మేడ మీద తెలుగు బడి నడిపిన మనిషి ఆయన. పిల్లల మేలు కోరే అన్నారు. కానీ ఆ వాక్యం నిజం కాదు. నిజం కానిదాన్ని మన సంఘం ముద్ర వేసి పంచడానికి మేము కొందరం ఒప్పుకోం. ఎందుకు ఒప్పుకోమో ఇక్కడ రాస్తున్నాం.

మన కళ్ల ముందు జరిగినదానితోనే మొదలుపెడదాం. 2005లో నోకియా తమిళనాడు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 2006 నుంచి శ్రీపెరంబుదూరులో ఫోన్లు తయారయ్యాయి. సిప్‌కాట్ వాళ్లు రెండు వందల ఎకరాలకు పైగా స్థలం ఇచ్చారు. ప్రత్యేక ఆర్థిక మండలి హోదా, పన్ను రాయితీలు, కోత లేని కరెంటు, అన్నీ ఇచ్చారు. మంచి రోజుల్లో సుమారు ఎనిమిది వేల మంది నేరుగా పనిచేసేవారు, అందులో చాలామంది ఇరవై ఏళ్లు నిండీ నిండని ఆడపిల్లలు. 2011 నాటికి ఆ ఒక్క ఫ్యాక్టరీ నుంచే 50 కోట్ల ఫోన్లు బయటికొచ్చాయి. మన ఇళ్లలో టార్చిలైటున్న ఆ చిన్న ఫోను లేని ఇల్లు లేదు. ఉగాది సభలో మన వేదిక మీదే ఒకరు ఆ ఫోను ఎత్తి చూపించి "ఇది మన ఊరిది" అంటే చప్పట్లు కొట్టాం. మేమూ కొట్టాం.

అక్కడ యూనియన్ ఉండేది. 2010లో సమ్మె కూడా జరిగింది. కంపెనీ అలగలేదు. ఆ మరుసటి ఏడాదే 50 కోట్ల మైలురాయి దాటింది.

మరి ఎందుకు మూతపడింది? 2007లో ఐఫోన్ వచ్చింది, వెనకే ఆండ్రాయిడ్ వచ్చింది. కింది నుంచి చైనాలో చేయించి ఇక్కడ పేరు అతికించుకున్న రెండు సిమ్ముల చవక ఫోన్లు వచ్చాయి. పైనా కిందా పోటీ, మధ్యలో నోకియా నలిగింది. 2013 సెప్టెంబరులో ఫోన్ల వ్యాపారాన్ని మొత్తంగా మైక్రోసాఫ్ట్‌కు అమ్ముతున్నట్టు ప్రకటించింది. ఇక్కడ ఇంకో చిక్కు వచ్చిపడింది. సాఫ్ట్‌వేర్ కోసం మాతృసంస్థకు కట్టిన సొమ్ము మీద పన్ను ఎగ్గొట్టారంటూ ఆదాయపు పన్ను శాఖ రెండు వేల కోట్ల పైచిలుకు నోటీసు ఇచ్చింది, ఆస్తులు కదలకుండా ఆపింది. రాష్ట్ర ప్రభుత్వం వేరే పన్ను అడిగింది. 2014 మార్చిలో సుప్రీంకోర్టు 3,500 కోట్ల హామీ ఇవ్వమంది. దాంతో మన ఫ్యాక్టరీని అమ్మకంలోంచి పక్కన పెట్టేశారు. మైక్రోసాఫ్ట్ కొన్ని నెలలు ఆర్డర్లు ఇచ్చింది, తర్వాత ఆపేసింది. 2014 నవంబరు 1న లైన్లు ఆగాయి. అప్పటికే సుమారు ఐదు వేల మంది స్వచ్ఛంద విరమణ అనే కాగితం మీద సంతకాలు పెట్టి వెళ్లిపోయారు. స్వచ్ఛందం అన్నది ఆ కాగితం మీది మాట, ఇళ్లలో వినిపించిన మాట వేరు.

ఈ కథలో కార్మికుల తప్పు ఎక్కడుందో ఎవరైనా వేలు పెట్టి చూపించండి. ఐఫోన్ కనిపెట్టింది వాళ్లా? రాయల్టీ లెక్కలు రాసింది వాళ్లా?

ఇంకాస్త వెనక్కి వెళ్లండి. ఇదే నోకియాకు జర్మనీలో బోఖుమ్ అనే ఊళ్లో ఫ్యాక్టరీ ఉండేది, 2,300 మంది పనిచేసేవారు. నష్టాల్లో లేదు. కంపెనీ మొత్తానికి లాభాలు పొంగుతున్న రోజులవి. అయినా 2008లో మూసి, కూలి చవకని రొమేనియాలో క్లుజ్ దగ్గరికి మార్చారు. రొమేనియా వాళ్లు మనలాగే చప్పట్లు కొట్టి ఉంటారు. 2011లో దాన్నీ మూస్తున్నామన్నారు. 2013లో వియత్నాంలో కొత్తది తెరిచారు. అమ్మకం తర్వాత మైక్రోసాఫ్ట్ చాలాచోట్ల కోతలు పెట్టి, ఫోన్ల తయారీని ఎక్కువగా ఆ వియత్నాం ఫ్యాక్టరీకే తీసుకెళ్లింది. జర్మనీలో బలమైన యూనియన్, రొమేనియాలో చవక కూలి, మన దగ్గర ప్రభుత్వం పరిచిన ఎర్ర తివాచీ. మూడింటికీ ఒకటే గతి పట్టింది.

తేడా ఒక్కచోటే వచ్చింది, పోయేటప్పుడు ఏం ఇచ్చి పోయారన్నదాంట్లో. బోఖుమ్‌లో యూనియన్ కూర్చుని బేరమాడితే ఆ 2,300 మందికి కలిపి 20 కోట్ల యూరోలు పరిహారంగా వచ్చాయి. సబ్సిడీ వెనక్కి కట్టమని అక్కడి రాష్ట్ర ప్రభుత్వం పట్టుబడితే కంపెనీ కొంత డబ్బు దించక తప్పలేదు.

అది జర్మనీ, మనకు పోలికేంటి అంటారా? అయితే మరైమలై నగర్ రండి.

ఫోర్డ్ 1995లో మహీంద్రాతో కలిసి వచ్చింది, కొన్నేళ్లకే అధిక వాటా తానే తీసుకుని సొంత కంపెనీ చేసుకుంది. మరైమలై నగర్‌లో ఎస్కార్ట్, ఐకాన్, ఫిగో, ఎకోస్పోర్ట్ తయారయ్యాయి. నాణ్యతలో లోపం అనుకోవద్దు, అమెరికాలో అమ్మిన ఎకోస్పోర్ట్ కార్లు మన చెన్నై పిల్లలు బిగించినవే. 2015లో గుజరాత్‌లోని సానంద్‌లో వంద కోట్ల డాలర్లతో రెండో ప్లాంటు పెట్టారు. రెండూ కలిపి ఏడాదికి నాలుగు లక్షల పైచిలుకు కార్లు చేయగలవు. కొనేవాళ్లేరి? చివరికి మన దేశ మార్కెట్లో వాళ్ల వాటా రెండు శాతం లోపే. చిన్న కార్లలో మారుతి, హ్యుందాయ్ దగ్గర ఓడిపోయారు, కొత్త మోడళ్లు తేవడంలో వెనకబడ్డారు. మళ్లీ మహీంద్రాతో కలవబోయి 2020 డిసెంబరు 31న అదీ వదిలేశారు. 2021 సెప్టెంబరు 9న ఇక ఇక్కడ కార్లు తయారు చేయం అన్నారు. పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చిందని, ప్లాంట్లు ఖాళీగా ఉన్నాయని వాళ్లే చెప్పారు. కార్మికులు ఇబ్బంది పెట్టారని వాళ్లు కూడా అనలేదు. వాళ్లు అననిది మనం వాళ్ల తరఫున ఎందుకు అంటున్నాం?

ఆ తర్వాత జరిగింది జాగ్రత్తగా చదవండి, అసలు విషయం ఇదే. ఫ్యాక్టరీ మూసేస్తే కార్మికుడికి చట్టం ప్రకారం రావలసిన పరిహారం ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు జీతం. మరైమలై నగర్ కార్మికులు నెలల తరబడి యూనియన్‌గా నిలబడి మాట్లాడారు. 2022 వేసవిలో పని ఆపారు, గేటు దగ్గర కూర్చున్నారు. మొదట 115 రోజుల దగ్గర ఉన్న కంపెనీ సెప్టెంబరుకు ఏడాదికి 130 రోజుల జీతం దాకా వచ్చింది. పదిహేను ఎక్కడ, నూట ముప్పై ఎక్కడ? అప్పు తీరిన ఇల్లు, ఆగని పిల్లల చదువు, అంత తేడా. అదే యూనియన్ లేని చిన్న విడిభాగాల షెడ్లలో పనిచేసినవాళ్లకు ఏం దక్కిందో మన సభ్యుల్లోనే కొందరికి తెలుసు.

ఒకరి సంగతి చెబుతాం, పేరు వద్దు. ఒక పెద్ద ప్లాంటుకు మూడు వ్యాన్లు తిప్పేవారు. మూడూ అప్పు మీద కొన్నవే. ప్లాంటు మూతపడుతుందని ఆయనకు తెలిసింది టీవీలో. పర్మనెంటు వాళ్లకు సెటిల్‌మెంటు వచ్చింది. ఈయనకు, క్యాంటీను వాళ్లకు, కాంట్రాక్టు పిల్లలకు "ధన్యవాదాలు" అని ఒక మెయిలు వచ్చింది. రెండు వ్యాన్లు ఫైనాన్సు వాళ్లు తీసుకెళ్లారు. మూడోదాంట్లో ఇప్పుడు కోయంబేడు నుంచి కూరగాయలు తోలుతున్నారు. ఆయన కూడా ఆ సమావేశంలోనే ఉన్నారు. యూనియన్ వద్దన్నప్పుడు తలూపలేదు, తల దించుకున్నారు.

విదేశీ కంపెనీ అంటేనే నమ్మకూడదని మేము అనడం లేదు. అలా అంటే ఇరుంగాట్టుకోట్టై వైపు చూడమంటారు, చూద్దాం. హ్యుందాయ్ కూడా విదేశీదే. 1998లో సాంత్రోతో మొదలుపెట్టి, రెండో ప్లాంటు కట్టి, ఇక్కడి నుంచి దేశదేశాలకు కార్లు పంపుతోంది. 2024 అక్టోబరులో 27,870 కోట్ల షేర్లు మన బజార్లో అమ్మింది. మారుతి సంగతి? సగానికి మించిన వాటా జపాన్ సుజుకీదే. ఆ సుజుకీ 2012లో అమెరికాలో కార్ల అమ్మకం మానేస్తామని ప్రకటించింది, ఇండియా వదలడం మాత్రం కలలో కూడా అనుకోదు, ఎందుకంటే ఆ కంపెనీకి అన్నం పెడుతున్నది ఇండియానే. ఫోర్డ్‌కు ఇండియా పళ్లెంలో ఊరగాయ లాంటిది, లేకపోయినా భోజనం ఆగదు. కాబట్టి యజమాని ఏ దేశస్థుడు అని అడిగితే లాభం లేదు. ఇలాంటి ప్లాంట్లు వాడికి ఇంకెన్ని ఉన్నాయి, ఇది మూస్తే వాడికి ఎంత నొప్పి అని అడగాలి.

ఇది మా సొంత కవిత్వం కాదు. అమెరికాలో బెర్నార్డ్, జెన్సెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అక్కడి ఫ్యాక్టరీల లెక్కలు తీసి 2007లో ఒక వ్యాసం అచ్చువేశారు. పైపైన చూస్తే బహుళజాతి కంపెనీల ఫ్యాక్టరీలు తక్కువగానే మూతపడతాయి. అవి పెద్దవి, యంత్రాలు మంచివి, పని నేర్చినవాళ్లుంటారు, అందుకని. అయితే అంతే పెద్దదీ అంతే మంచిదీ అయిన మరో ఫ్యాక్టరీ పక్కన పెట్టి చూస్తే, మూతపడే అవకాశం బహుళజాతి కంపెనీ దానికే ఎక్కువని తేలింది. మన భాషలో చెప్పాలంటే, ఒకే పొలం ఉన్న రైతు కరువులో కూడా దాన్నే అంటిపెట్టుకుంటాడు. పది ఊళ్లలో పొలాలున్న ఆసామి ఒకటి బీడు పెడతాడు. ఆ బీడు పెట్టిన పొలం పండదని కాదు, ఆసామికి అవసరం లేదని.

ఇప్పుడు మనలో మనం ఒప్పుకోవలసిన సంగతి ఒకటి ఉంది, కాస్త చేదుగా ఉంటుంది. నోకియాకు విడిభాగాలు చేసిన ఫాక్స్‌కాన్ ప్లాంటు 2014 డిసెంబరులో శ్రీపెరంబుదూరులో మూతపడింది. వెయ్యి మందికి పైగా వీధిన పడ్డారు, అందులో మన ఇళ్ల పిల్లలూ ఉన్నారు. ఏడాది తిరక్కుండా, 2015లో, అదే ఫాక్స్‌కాన్ తడ దగ్గర శ్రీసిటీలో షావోమీ ఫోన్లు తయారు చేయడం మొదలుపెట్టింది. ఇక్కడికి రెండు మూడు గంటల దారి. ఆ ఫోను విశాఖలో విడుదలైన రోజు మన సంఘం గ్రూపులో "మన ఆంధ్రాకు వచ్చింది" అని ఎన్ని పూలగుత్తుల బొమ్మలు పడ్డాయో గుర్తుందా? ఇక్కడ ఉద్యోగం పోయిన పిల్ల కూడా ఆ గ్రూపులోనే ఉంది. ఆంధ్రాకు రావడం తప్పు కాదు, రావాలి. కానీ సరిహద్దుకు ఇటు మూసి అటు తెరిచే ఆటలో మనం అటువైపు చేరి ఈలలు వేయడం ఏం మర్యాద? రెండు ప్రభుత్వాలూ పోటీపడి రాయితీలు పెంచితే లాభపడేది ఎవరు?

పెనుకొండ కియా సంగతి గుర్తుచేసుకోండి. 2019 డిసెంబరులో ప్రారంభోత్సవం. రెండు నెలలకే, 2020 ఫిబ్రవరిలో, తమిళనాడుకు తరలిపోయే ఆలోచనలో ఉందని రాయిటర్స్ వార్త. కంపెనీ ఖండించింది, ఎక్కడికీ పోలేదు. అయినా ఆ రెండు రోజులు అనంతపురంలో చుట్టాలున్న మనవాళ్లు అటు బాధపడ్డారు, ఇక్కడి పొరుగువాళ్లు ఇటు సంబరపడ్డారు. ఒట్టి పుకారుకే రెండు రాష్ట్రాలు ఊగిపోయాయంటే, పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో అర్థం చేసుకోవడానికి ఇంకేం కావాలి?

స్వదేశీ యజమాని అయితే కాపాడతాడా? పెరంబూరు వాళ్లకు ఈ ప్రశ్న వేయనక్కర్లేదు. బకింగ్‌హామ్ మిల్లు, కర్ణాటిక్ మిల్లు. మన తాతల్లో ఎంతమంది ఆ సైరనుకు లేచి ఆ సైరనుకు పడుకున్నారో. తెల్లవాళ్ల బిన్నీ కంపెనీ పెట్టిన మిల్లులు, తర్వాత మన దేశస్థుల చేతికే వచ్చాయి. పాత మగ్గాలు మార్చలేదు, పవర్‌లూమ్‌ల చవక గుడ్డతో పోటీకి ఆగలేకపోయారు, 1996లో మూశారు. ఆ నేల మీద ఇప్పుడు మేడలు లేచాయి. మిల్లు నడవడం కన్నా మిల్లు కింద నేల ఖరీదెక్కువైతే స్వదేశీ విదేశీ తేడా ఉండదు.

ఆ మిల్లు గేటు దగ్గరే 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది. దేశంలో పద్ధతిగా ఏర్పడిన మొదటి కార్మిక సంఘంగా దాన్ని చెబుతారు. వాడియా గారు అధ్యక్షుడు, వెనకుండి నడిపించింది సెల్వపతి చెట్టి గారు, రామానుజులు నాయుడు గారు. సమ్మె చేయించారని కంపెనీ వాడియా గారి మీద కోర్టుకెక్కింది. ఆ కేసు దేశమంతా గొడవై, చివరికి 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. అంటే యూనియన్ పెట్టుకునే హక్కు ఈ దేశానికి వచ్చిన దారి మన పెరంబూరు వీధుల మీదుగానే వెళ్లింది. ఆ యూనియన్ పెట్టాక మిల్లు ఇంకా డెబ్బై ఎనిమిదేళ్లు నడిచింది. ఆ తాతల మనవలం, "యూనియన్ జోలికి పోకండి" అని కరపత్రం వేస్తామా?

సోలాపూర్‌లోని మన పద్మశాలి బంధువుల సంగతి ఇంకో రకం. తెలంగాణ నుంచి వెళ్లి తరాలుగా అక్కడ చద్దర్లు, తువ్వాళ్లు నేస్తున్నారు, సోలాపూర్ చద్దరుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చవక సరుకు పోటీ వాళ్లకూ ఉంది. అక్కడ కార్ఖానా ఒక్క రోజులో మూతపడదు, ఎందుకంటే యజమాని ఇల్లు దాని మేడ మీదే. మూడు షిఫ్టులు రెండవుతాయి, పన్నెండు మగ్గాలు ఎనిమిదవుతాయి, కొడుకు పుణెలో ఉద్యోగం చూసుకుంటాడు. మూత పడలేదు కదా అని అదేదో గొప్ప అనుకోకండి, అక్కడ మగ్గం మనిషికి పీఎఫ్ కూడా సరిగా అందదు. కాకపోతే పోయేవాడు ఉండడు, అందరూ కలిసే మునుగుతారు.

యానాం అనకుండా ఈ పోస్టు ముగిస్తే అక్కడి మిత్రులు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. 2012 జనవరిలో అక్కడి సిరామిక్స్ ఫ్యాక్టరీలో గొడవ ముదిరి, ఒకే రోజు ఒక కార్మిక నాయకుడూ ఒక కంపెనీ పెద్ద అధికారీ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఫ్యాక్టరీ తగలబడింది, ఏళ్ల తరబడి గేటు తెరుచుకోలేదు. ఊరు ఊరంతా దెబ్బతింది. అక్కడ గొడవే ఫ్యాక్టరీని చంపిందని అంటే మేము కాదనం. అది విదేశీ కంపెనీ కాదు, పోటీ వల్ల పోయిందీ కాదు. మాటలు తెగిపోయిన చోట ఏం జరుగుతుందో యానాం చూపించింది. మాట్లాడుకోవడానికి ఒక బల్ల, రెండువైపులా కుర్చీలు ఉండాలన్నది మేము అక్కడ నేర్చుకున్న పాఠం. పిల్లల్ని నోరెత్తవద్దంటే ఆ బల్ల పోతుంది, కోపం పోదు.

మొన్నమొన్నటి సంగతి చూడండి. శ్రీపెరంబుదూరు శాంసంగ్‌లో 2024 సెప్టెంబరు, అక్టోబరుల్లో 37 రోజులు సమ్మె జరిగింది. యూనియన్‌ను గుర్తించమన్నదే ముఖ్యమైన కోరిక. "ఇక శాంసంగ్ మూట కట్టేస్తుంది" అని మన గ్రూపులో రోజుకు పది మెసేజీలు. సమ్మె ముగిసింది, 2025 జనవరిలో యూనియన్‌కు రిజిస్ట్రేషన్ వచ్చింది, ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది. ఫోర్డ్ కూడా మరైమలై నగర్‌లో ఇంజన్లు చేస్తామని 2025 అక్టోబరులో 3,250 కోట్ల పెట్టుబడి ప్రకటించింది, 2029 నుంచి ఉత్పత్తి అంటోంది. గేటు దగ్గర కూర్చున్న ఊరికే! "ఒకసారి అలిగి పోతే మళ్లీ రాదు" అన్నారు కదా పెద్దాయన. లెక్క కుదిరితే వస్తారు, కుదరకపోతే పోతారు. అలకలు అల్లుళ్లకు గానీ కంపెనీలకు ఉండవు.

"ఇవన్నీ పేపర్లో బాగుంటాయి, కంపెనీలే రాకపోతే పిల్లలేం తినాలి?" అని ఒక అక్కయ్య అడిగారు. న్యాయమైన ప్రశ్న. వాళ్లు మన మీద దయతో రావడం లేదు. రేవు ఉంది, రోడ్డుంది, పని నేర్చిన చేతులున్నాయి, ముప్పై ఏళ్లుగా పెరిగిన విడిభాగాల షెడ్లున్నాయి. వల్లం వడగాల్‌లో ఫాక్స్‌కాన్ ఆడపిల్లల కోసం 18,720 పడకల హాస్టలు 2024లో తెరిచింది సిప్‌కాట్, అంటే ప్రజల సంస్థ. స్థలం మనది, కరెంటు మనది, పడక కూడా మనదే. ఇంత పెట్టినవాళ్లం, పోయేటప్పుడు ఏం చేసి పోవాలో ముందే రాసివ్వమని అడగడానికి ఎందుకు సిగ్గు? ఆ పిల్లలు తయారు చేసే ఫోనుకు అమెరికాలో ఒకే ఒక్క ఖాతాదారు ఉన్నాడు. నోకియా మీద ఆధారపడ్డ ఫాక్స్‌కాన్ పదేళ్ల కింద ఏమైందో పైన చదివారు కదా.

కొత్త కార్మిక కోడ్ ఒకటి 2025 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. ఇదివరకు 100 మంది పైబడి ఉన్న ఫ్యాక్టరీ మూయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, ఇప్పుడు 300 మంది ఉంటేనే. మన పిల్లలు చేరే విడిభాగాల షెడ్లు చాలావరకు ఆ గీత కిందే ఉంటాయి. కాంట్రాక్టరు పేరు మీద సగం మందిని పెడితే పెద్దవి కూడా కింద ఉన్నట్టే లెక్క చూపించవచ్చు. ఇలాంటి రోజుల్లో మనం పిల్లలకు చెప్పవలసింది నోరు మూసుకోమనా?

మేము అడిగేది పెద్దదేం కాదు. ఆ వాక్యం తీసేయండి. దాని స్థానంలో ఇవి వేయండి. నియామక పత్రంలో యజమాని పేరు కంపెనీదా, కాంట్రాక్టరుదా చూసుకో. పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ నంబరు మొదటి నెలలోనే అడిగి తీసుకో. జీతం చీటీ ప్రతి నెలా ఫోనులో ఫోటో తీసి దాచుకో, మూత పడిన రోజు సర్వీసు ఎన్నేళ్లో నిరూపించేది అదే. ట్రైనీ అని ఎన్నాళ్లు రాస్తారో తేదీతో సహా అడుగు. యూనియన్ ఉంటే చేరాలా వద్దా అన్నది నీ ఇష్టం, అది నీ హక్కు. ఆఖరి వాక్యం కావాలంటే మాట మార్చండి, అర్థం మాత్రం మార్చకండి.

ఇంకొకటి. ఉద్యోగ మేళాకు వచ్చే కంపెనీలను సంఘం తరఫున మూడు ప్రశ్నలు అడుగుదాం. పర్మనెంటు ఎంతమంది, కాంట్రాక్టు ఎంతమంది? ఇక్కడ చేసే సరుకు ఇంకే దేశంలో చేస్తున్నారు? ప్రభుత్వంతో ఒప్పందంలో ఎన్నేళ్లు ఉంటామని రాశారు? జవాబు చెప్పకపోతే బలవంతం లేదు. చెప్పలేదన్న సంగతి మాత్రం బల్ల పక్కన బోర్డు మీద రాద్దాం.

వచ్చే రెండో ఆదివారం ఉదయం పది గంటలకు సంఘం హాల్లో కరపత్రం చివరి ప్రతి చూస్తున్నాం. పెద్దాయన కూడా వస్తానన్నారు, వాదన ఆయన ఎదుటే పెడతాం. వ్యాన్ల ఆయన ఈసారి మాట్లాడతానన్నారు. మీ ఇంట్లో ఎవరైనా ఫ్యాక్టరీల్లో పనిచేస్తుంటే వాళ్ల నియామక పత్రం జిరాక్సు ఒకటి తెండి. పేర్లు కొట్టేసి, అందులో ఏం రాసి ఉంటుందో అందరం కూర్చుని చదువుదాం. కాఫీ సంగతి మహిళా విభాగం వాళ్లు చూసుకుంటామన్నారు. ఈసారి గ్లాసులు ఎవరివి వాళ్లు కడగాలట.